రొయ్యల బోటుమీద పదకొండేళ్ళు
(సంఘ పురుషుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సందర్భంగా ఎవరి వృత్తిని గురించి వారు నాలుగు మాటలు చెప్పాలని పెద్దలు నిర్ణయించారు. ఉపాధ్యాయులు, నర్సమ్మలు, రైల్వే ఉద్యోగులు ఇంతమంది ఉండగా నన్నెందుకు పిలిచారని అడిగాను. సముద్రం మీద పనిచేసినవాడివి నువ్వొక్కడివే గదా అన్నారు. నేను సరంగును కాను, ఇంజను డ్రైవరును కాను. 1979 నుంచి 1990 వరకు విశాఖపట్నం రొయ్యల బోట్లమీద కళాసీని. గాన డెక్కు మీద నుంచి కనబడినంత మట్టుకే మనవి చేస్తాను.

మాది కైకలూరు వైపు ఒక లంక గ్రామం. అప్పుడది కృష్ణా జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉన్నది. మావులు పెట్టి కొర్రమీను, మట్టగిడస, జెల్ల పట్టుకోవడం, నీరు తీసినచోట దాళ్వా వరి వేసుకోవడం, ఇదే మా జీవనం. 1970ల నడుమ కొల్లేటిలో సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చినప్పుడు కొందరికి వాటాలు దొరికాయి, మా ఇంటికి దొరకలేదు. ఏలూరులో మెయిలెక్కి వాల్తేరు స్టేషనులో దిగాను. చేపలు పట్టడం పుట్టుకతోనే వచ్చినవాడిని గదా అనే ధైర్యం. ఆ ధైర్యం మొదటి రాత్రి అలలకే వాంతులతో పోయింది. పూడిమడక, భీమిలి కుర్రవాళ్ళు నవ్వి, “మంచినీటి చేప వచ్చిందిరా” అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు “కొల్లేరు”. డెక్కు మీద ఎవరికీ సొంతపేరు ఉండేది కాదు, ఊరిపేరే పేరు. ఈ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మన దేశంలో యంత్రపు పడవలతో ఈ రొయ్యల వేట కేరళలో పెరిగింది. 1952 అక్టోబరులో కుదిరిన ఇండో–నార్వీజియన్ ఒప్పందంతో కొల్లం దగ్గర మొదలైన పని అది. విశాఖకు 1970లలో మెక్సికో తరహా పెద్ద ట్రాలర్లు వచ్చాయి. రెండు వైపులా చేతులు చాచినట్టు బూములు, ఒక్కొక్క బూముకు ఒక వల. నేను మొదట వాటిమీద, తరువాత “సోనా బోట్లు” అని పిలిచే చిన్నవాటి మీద చేశాను. రొయ్య బాగా పడే కాలంలో ఉత్తరానికి, శాండ్‌హెడ్స్‌కు పోయేవాళ్ళం. హుగ్లీ నది సముద్రంలో కలిసేచోట ఇసుకమెట్టలవి. కలకత్తా పోయే ఓడలకు దారి చూపే పైలట్లు అప్పట్లో అక్కడే ఎక్కేవారు. విశాఖ నుంచి మాకు దగ్గర దగ్గర రెండు రోజుల ప్రయాణం.

పని ఎట్లా ఉంటుందంటే, వల నోటికి రెండు ప్రక్కల బరువైన పలకలుంటాయి. బోటు లాగుతుంటే నీటి ఒత్తిడికి అవి విచ్చుకుని వల నోరు తెరిచి ఉంచుతాయి. ముందర గొలుసు అడుగు బురదను కెలుకుతుంది. బురదలో దాగిన రొయ్య ఎగిరి వలలో పడుతుంది. మూడు గంటలకొకసారి వించితో ఎత్తి, సంచి ముడి విప్పితే, మోకాలెత్తు కుప్ప డెక్కు మీద పడుతుంది. అప్పటినుంచి కళాసీ పని. ముక్కాలిపీటల మీద కూర్చుని కుప్పలోనుంచి రొయ్యలు ఏరడం, బొటనవేలితో తల తీయడం, కడగడం, సైజులు వేరుచేయడం, పొర ఐసు పొర రొయ్య వేసి క్రింద గదిలో సర్దడం. నల్లమచ్చ పడకుండా మందునీళ్ళలో ముంచడం కూడా ఉండేది. అది అయ్యేలోపల మళ్ళీ వల పైకి వచ్చేది. నిద్ర గంట, గంటన్నర ముక్కలుగానే. రొయ్య తలమీది ముల్లు గుచ్చుకుని, ఉప్పునీళ్ళకు నాని, వేళ్ళన్నీ పుండ్లు. అన్నం కలుపుకోవడానికి మంట పుట్టి గరిటెతో తిన్న రోజులున్నాయి.

తల తీసిన రొయ్యను పౌనుకు ఎన్ని తూగుతాయో లెక్కకట్టి అమ్ముతారు. పదహారు నుంచి ఇరవై తూగేది ఒక రకం, ఇరవైఒకటి నుంచి ఇరవైఐదు తూగేది ఇంకొక రకం. జపాను, అమెరికా పోయే సరుకు. ఒక్కటి ఎక్కువైతే ధర మారుతుంది కనుక సరంగు టార్చిలైటు వేసి మరీ చూసేవాడు.

ఇక కుప్పలో మిగిలినదో? సావళ్ళు, గులివిందలు, టేకులు, పీతలు, సముద్రపు పాములు, వేలెడంత చేపపిల్లలు. మా లెక్కలో పది బుట్టల కుప్పకు ఒక్క బుట్ట రొయ్య వస్తే మంచి వల. మిగతాది పారతో సముద్రంలోకి త్రోసేవాళ్ళం. ఐసు రొయ్యకే చాలదు, చేపకెక్కడిది? మాకు జీతం, బత్తా, దానిమీద కిలోకింత అని ఇచ్చేది కూడా రొయ్యకే. తీరానికి తిరిగివచ్చే చివరి ఒకటి రెండు వలల చేప మాత్రం ఉంచుకుని, ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళం. పిడికెడు చేపపిల్లలు దొరికినా పులుసు పెట్టుకునే కొల్లేటి ఇంట పుట్టినవాడిని, ఆ పార పట్టడం నాకు చివరివరకూ అలవాటు కాలేదు. ఇది ఒక్క విశాఖ సంగతి కాదు. ప్రపంచంలో పట్టి పారవేసే చేపలో మూడో వంతుకు పైగా రొయ్యల ట్రాలర్లదేనని 1994లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అంచనా వేసింది.

ఒరిస్సా తీరంలో తాబేళ్ళు కూడా పడేవి. తాబేలు ఊపిరికి పైకి రావాలి, వలలో మూడు గంటలుంటే చస్తుంది. బ్రతికి ఉన్నదాన్ని శ్రీకూర్మం వైపు కుర్రవాళ్ళు దణ్ణం పెట్టి వదిలేవారు. ఆ తాబేళ్ళ పేరు చెప్పే 1996లో అమెరికా మన దేశపు సముద్రపు రొయ్యను ఆపింది, ఆ తగువు ప్రపంచ వాణిజ్య సంస్థదాకా పోయింది. తాబేలు తప్పించుకునే ఇనుప చట్రం వలలో పెట్టాలన్నది అప్పటి మాట.

నేను మానేసే రోజులకు కొత్త వేట వచ్చింది. కడుపుతో ఉన్న టైగరు రొయ్యను ప్రాణంతో పట్టి, డ్రమ్ము నీళ్ళలో గాలి ఊదుతూ ఒడ్డుకు తెచ్చి హేచరీలకు అమ్మడం. తరువాత సంవత్సరాలలో ఒక్కొక్క తల్లిరొయ్య వేల రూపాయలు పలికింది. ఆకివీడు, భీమవరం చెరువుల్లో దిగినవి ఆ తల్లుల పిల్లలే. 1994లో తెగులు వచ్చి మన వైపు చెరువులు ఎట్లా పోయాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పేరు సంగతికి వస్తాను. 1980ల మధ్యలో ఒక రాత్రి వల ఎత్తుతుండగా పలక ఊగి తగిలి మా బోటులోని ఒక కుర్రవాడు నీళ్ళలో పడ్డాడు. తెల్లవారేవరకు లైట్లు వేసి అదేచోట తిరిగాం. దొరకలేదు. అతన్ని మేము “రేపల్లె” అని పిలిచేవాళ్ళం. ఒడ్డుకు వచ్చి యజమానిని అడిగితే ఆయన పుస్తకంలో కూడా “రేపల్లె” అనే ఉన్నది, దాని ఎదుట బత్తా లెక్క. అతని రేకుపెట్టెలో రెండు చొక్కాలు, ఒక దువ్వెన, ఒక మనియార్డరు రసీదు దొరికాయి. ఆ రసీదు మీద తల్లి పేరు, పోస్టాఫీసు పేరు ఉన్నాయి. ఇద్దరం బయలుదేరి పోయాం. ఆ తల్లి మమ్మల్ని ఏమీ అనలేదు. “ఏ తేదీ నాయనా?” అని అడిగింది. చెప్పాను. చదువుకున్న పిల్లవాణ్ణి పిలిచి గోడమీద బొగ్గుతో వ్రాయించుకున్నది.

శవం దొరకనివాడు చట్టం లెక్కలో చనిపోయినవాడు కాడు. ఏడు సంవత్సరాలు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. అంతవరకు ఆ ఇల్లాలు వితంతువూ కాదు, సుమంగళీ కాదు. సంఘంలో సమాధి చేసినవారి రిజిష్టరులోనూ అతని పేరు ఎక్కదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దగ్గర తుపాను తీరం దాటినప్పుడు సముద్రం మీద ఉన్న వందలమంది గల్లంతయ్యారు. నేను అప్పటికి ఊరు చేరాను. రేడియో దగ్గర కూర్చుని, నాతో చేసినవాళ్ళలో ఎవరు ఏ బోటులో ఉన్నారోనని ఊరి పేర్లే తలచుకున్నాను. భీమిలి, పూడిమడక, గంజాం. సొంతపేర్లు నాకు తెలిసినవి నాలుగో ఐదో.

ఈ రోజున కొంత మేలు. 2008 బొంబాయి దాడి తరువాత మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు వచ్చాయి. 2018 నవంబరులో గుజరాతు బోట్లమీద కళాసీలుగా పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారిని పాకిస్తాను పట్టుకుంటే, ఇళ్ళ దగ్గర పేర్లు, బోటు నంబర్లు తెలుసు గనుక తిరగడానికి ఒక ఆధారం దొరికింది. 2020 జనవరి 6న ఇరవైమంది వాఘా దగ్గర గడప దాటి వచ్చారు.

మన వైపునుంచి కూడా పోతున్నారు. 2006లో కొల్లేటిలో అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పగలగొట్టిన తరువాత ఎందరో కుర్రవాళ్ళు ఊళ్ళు విడిచారు. కొందరు ఇళ్ళ పనులకు, కొందరు బోట్లకు. మీ అబ్బాయి ఏ రేవులో ఉన్నాడమ్మా అంటే “విశాఖపట్నమో కాకినాడో” అనే తల్లులు ఈ హాలులోనే ముగ్గురున్నారు.

గురువుగారి అనుమతితో ఒక నోటుపుస్తకం కొన్నాను. అందులో పూర్తిపేరు, తండ్రిపేరు, బోటు నంబరు, రేవు, సరంగు ఫోను నంబరు, అయిదు గడులు గీశాను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. పిల్లలు ఇంటికి వచ్చే రోజులవి, అప్పుడు వాళ్ళచేతనే వ్రాయించవచ్చు. అంతవరకు తెలిసినంత మీరు చెప్పండి, నేను వ్రాస్తాను. పుస్తకం తలుపు ప్రక్క బల్లమీద ఉన్నది.