నేలబడిన జెట్టి

మల్లయుద్ధమనగానే ఇద్దరు జెట్టీలు నిలువబడి భుజములు చరచుకొను దృశ్యము మన కన్నుల కట్టెదుట నిలుచును. విరాటుని కొలువులో వంటవాడుగా నున్న భీముడు జీమూతుని పైకెత్తి, గిరగిర త్రిప్పి నేలగొట్టిన కథ వినని తెలుగువారరుదు. కథ అంతటితో ముగియును. కాని గోదాలో మనిషి నేలబడుటతో పోరు ముగియదు. పెక్కుసార్లు అప్పుడే ఆరంభమగును. పడకుండ నిలుచుట ఎట్లు? పడిన పిదప లొంగకుండుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలకు ప్రాచీన మల్లవిద్యలు చెప్పిన సమాధానములను ఈ పూట ముచ్చటించుకొందము.

మొదట మన గోదాకే పోదము. మేము చిన్ననాట తాలీంఖానా గట్టున కూర్చుండి గంటలకొలది కుస్తీలు చూచినవారము. క్రొత్తగా చేరిన కుర్రవానికి వస్తాదు వెంటనే పట్లు నేర్పెడివాడు కాడు. మెత్తగా త్రవ్విన మట్టిలో మోకాళ్లు వంచి, నడుము దించి, పాదములు ఎడముగా పెట్టి నిలుచుటయే తొలి పాఠము. ఎదిరి వంగి కాళ్లకై దూకినపుడు, పట్టు చిక్కకముందే కాళ్లను వెనుకకు విసరి, రొమ్ము బరువంతయు వాని మెడమీద, భుజములమీద మోపవలెను. కాలు పట్టవచ్చినవాడు ఆ బరువుక్రింద అణగిపోవును. ఆ క్షణముననే ప్రక్కకు తిరిగి వాని వెనుకకు చేరినచో, పడవేయ వచ్చినవాడే క్రిందివాడగును.

ఇక నేలమీది సంగతి. కుస్తీలో ఓటమి యనగా వెల్లకిల పడి రెండు భుజములును నేలకు తగులుట. దీనినే హిందీలో 'చిత్' అందురు. ఎవడైన చిత్తుగా ఓడెనని మనమనునపుడు ఈ గోదా మాటయే స్ఫురించును. కావున బోర్లపడినవాడు ఇంకను ఓడినవాడు కాడు. అతడు పొట్టను నేలకు కరపించి, మోచేతులు ప్రక్కలకు బిగించి, కాళ్లు చాచి, రాతిపలకవలె పరచుకొనును. పైవాడు వానిని త్రిప్పవలెను, క్రిందివాడు తిరుగరాదు. చూచువారికి ఏమియు జరుగనట్లే తోచును గాని ఇరువురికిని ఊపిరి సలుపదు.

ఈ రక్షణ ఎంతటిదో 1910లో లండను నగరము చూచినది. ఆ సెప్టెంబరు 10వ తేదీన మన గామా పహిల్వాను పోలెండు దేశీయుడైన జ్బిస్కోతో తలపడెను. గామా కొలది నిమిషములలోనే అతనిని క్రిందికి దింపెను. కాని తనకన్న బరువైన ఆ మనిషి నేలకరచుకొని పడియుండగా, రెండు గంటలకు పైగా శ్రమించియు వెల్లకిల త్రిప్పలేకపోయెను. పోరు తేలలేదు. వారమునకు మరల కుస్తీ ఏర్పాటయినను జ్బిస్కో రాలేదు. విజయము గామాకే దక్కెను. పదునెనిమిదేండ్లకు, 1928లో పటియాలాలో ఇరువురును మరల కలిసికొనిరి. ఈసారి నేలకరచుకొను అవకాశమే ఈయక గామా ఒక్క నిమిషములోపల అతనిని చిత్తు చేసెను.

ఇపుడు జపానుకు పోదము. అచ్చటి సూమో మల్లులు 4.55 మీటర్ల వ్యాసముగల వలయములో పోరుదురు. అరికాలు తప్ప ఒడలిలో ఏ భాగము నేలకు తగిలినను ఓటమియే. కావున సూమోలో నేలమీది పోరే లేదు. ఆ విద్య సారమంతయు నడుము దించి నిలద్రొక్కుకొనుటలోనే యున్నది. కానో జిగోరో 1882లో స్థాపించిన జూడో వేరొక త్రోవ పట్టినది. వెన్ను నేలకు తగులునట్లు బలముగా, చక్కగా విసరినచో పోటీ అంతటితో సరి. విసరు కుదరనిచో నేలమీద 20 సెకనులు అదిమిపట్టియైనను, మెడ బిగించియైనను, మోచేయి మెలిపెట్టి లొంగదీసియైనను గెలువవచ్చును.

జూడో ఆచార్యుడు మయెదా బ్రెజిలు దేశమునకు పోయి గ్రేసీ కుటుంబమువారికి ఆ విద్య నేర్పెను. వారు నేలమీది పోరునే ప్రధానముగా పెంచిరి. వారి పద్ధతిలో వెల్లకిల పడినవాడు ఓడినట్లు కాదు. పైవాని నడుమును కాళ్లతో పెనవైచి అచ్చటినుండియే పోరాడును. బోర్లపడుటయే వారికి అపాయము. ఏలయన వెనుకనుండి మెడకు చేయి చుట్టుటకు అది మంచి తరుణము. మన గోదాలో కోట యనిపించుకొన్న భంగిమ అచ్చట బోనగుచున్నది! మన గోదాలో ఓటమియైనది అచ్చట యుద్ధరంగమగుచున్నది!

ఈ భేదమునకు కారణము ఒక విద్య గొప్పదై మరియొకటి తక్కువదగుట కాదు. ఏ విద్య దేనిని ఓటమి యనునో, దానినుండి తప్పించుకొనుటనే అది శిష్యునికి నేర్పును. తక్కినది మరచును. జూడో అంతర్జాతీయ పోటీలలో చేతులతో కాలు పట్టుటపై 2010లో ఆంక్షలు పెట్టి, 2013లో పూర్తిగా నిషేధించిరి. పోటీలో రాని పట్టుకు విరుగుడు సాధన చేయువారు తగ్గుట సహజమే కదా!

బడియీడు పిల్లలను ఇట్టి విద్యలకు పంపు తల్లిదండ్రులు దీనిని గుర్తింపవలెను. వీథిలో మధ్యవర్తి యుండడు. నేల గోదామట్టివలె మెత్తగా నుండదు. తమ విద్య ఎచ్చట ఆగునో శిష్యునికి దాపరికము లేక చెప్పువాడే మంచి గురువు. చెప్పనిచో కుర్రవాడు లేని ధైర్యమును మూటగట్టుకొని ఇంటికి వచ్చును. అది భయముకన్న ప్రమాదకరము.

జూడోలో మొదట నేర్పునది విసరుట కాదు, పడుట. గడ్డమును రొమ్మునకు ఆనించి తల నేలకు తగులకుండ కాచుకొనుచు, చాచిన చేతితో నేలను చరచి దెబ్బను పంచివేయుట. మన వస్తాదు నిలుచుట నేర్పెను. జపాను గురువు పడుట నేర్పెను. ఈ రెండును నేర్చినవానికి నేలయన్న భయము తగ్గును. అప్పుడు లేచి నిలుచు త్రోవ వెదకుటకు వానికి బుద్ధి మిగిలియుండును.