మేక బరువు – మందు మోతాదు
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహములను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు పెద్దలు ఈ వేదికపై పలుకవలసినది పలికియున్నారు. నాకొసంగిన కొద్దికాలములో నేను మేకలను గూర్చి మాటాడెదను. కొందఱు నవ్వుచున్నారు; నవ్వవచ్చును. పుల్లరి తగవున రాజునెదిర్చిన కాటమరాజు కథను ఇంటింట పాడించుకొనిన కులమువారము, మంద సంగతి సభలో ఎత్తుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

చెప్పదలచినది ఒక్కటే. నట్టలమందు త్రాగించునపుడు మనము మేక బరువును తక్కువగా కట్టుచున్నాము. అందువలన మేకయు పోవుచున్నది, మందు యొక్క శక్తియు పోవుచున్నది.

మన పెద్దల కన్ను సామాన్యమైనది కాదు. నడుముపై చేయి వైచి, వెన్నుపూసకు ఇరుప్రక్కల కండను తడవి, “ఇది ఇంత పడును” అనినచో కోసిన పిమ్మట తేడా వచ్చుట అరుదు. వీశెల కాలమున వీశెలలో చెప్పిరి. నేడు కిలోలలో చెప్పుచున్నారు. కాని ఆ కన్ను కొలుచునది మాంసమును. తల, కాళ్లు, చర్మము, ప్రేవులు, పొట్టలోని మేత — ఇవి బేరగాని లెక్కలో లేవు. మందు లెక్కలోననో, అన్నియు ఉన్నవి. మేకను కోయగా వచ్చు మాంసము దాని సజీవ బరువులో ఇంచుమించు సగము. కనుక 12 కిలోలు పడునని మనవారు చెప్పిన మేక నిజమునకు 25 కిలోల మేక. బేరపు లెక్కనే మందునకును పట్టించినచో ఆ జీవమునకు సగము మోతాదే ముట్టును. లోపము కంటిలో లేదు. రెండు వేఱు పనులకు ఒకే లెక్కను వాడుటలో నున్నది.

సగము మోతాదు సగము మేలు చేయునని కొందఱి నమ్మకము. అది సత్యము కాదు. మేక నాలుగవ పొట్టలో చేరి రక్తము పీల్చు హీమాంకస్ అను పురుగును తలచుకొనుడు. ఒక్కొక్క పురుగు వలన దినమునకు మిల్లీలీటరులో ఇరువదవ వంతు రక్తము నష్టమగును. వేయి పురుగులున్నచో దినమునకు 50 మిల్లీలీటరులు! కనురెప్ప లోపలి భాగము తెల్లబాఱుట, దవడక్రింద నీరు దిగుట, ఒకనాటి ఉదయమున మేక లేవకుండుట — ఇవి మీరెఱుగనివి కావు. ఆడపురుగు దినమునకు అయిదువేలకు తక్కువ కాకుండ గ్రుడ్లు పెట్టును. చాలీచాలని మందు బలహీనమైన పురుగులను చంపి, బలిసినవానిని బ్రతికించును. బ్రతికినవాని సంతతియే పచ్చికనిండ నిండును. కొన్ని యేండ్లకు నిండుమోతాదు పోసినను అవి చావవు. ఇది భయపెట్టుటకు చెప్పుమాట కాదు. థయాబెండజోల్ అను మందు 1961లో విదేశములలో విపణికి వచ్చెను. 1964 నాటికే దానికి లొంగని పురుగులు బయలుదేఱినవి. మన దేశమునందును ప్రభుత్వ క్షేత్రములలోను, విశ్వవిద్యాలయ క్షేత్రములలోను ఇట్టి మొండిపురుగులు కనబడియున్నవి. క్రొత్తమందు కనుగొనుట మన చేతిలో లేదు. ఉన్నమందును చెఱుపకుండుట మన చేతిలో నున్నది.

మన గోదావరి సీమకు ఈ చిక్కు మఱింత దగ్గఱ. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు వచ్చినవి, వరి వచ్చినది, దేశము పండినది. ఆ కాలువగట్లపైననే మేకలును మేయుచున్నవి. ఆ నీటిలోని నత్తల మూలమున కార్జపు జలగలును వానికి ప్రాప్తించుచున్నవి. ఊడ్పుల వేళ మేపు దొరకక మెట్టకు తోలుకొనిపోయిన మందలు, కోతలైన పిమ్మట తిరిగివచ్చి చేలలో మంద కట్టును. ఇట్లు ఒక ఊరి పురుగు పది యూళ్లు చూచును. (జలగలకు మందు వేఱు, ఏలికపాముల మందు పోసి జలగలు పోలేదని వైద్యుని నిందింపరాదు.)

ఇక కొలుచు విధము. కాటా యున్నచో దానిని మించినది లేదు. లేనిచో దర్జీ టేపు చాలును. మేకను చదునైన నేలపై తిన్నగా నిలిపి, ముందుకాళ్ల వెనుకగా ఛాతి చుట్టును అంగుళములలో కొలువవలెను. భుజపు మొన నుండి పిఱుదుల చివరి యెముక వఱకు పొడవు కొలువవలెను. చుట్టును చుట్టుతోనే హెచ్చించి, పొడవుతో మరల హెచ్చించి, 660తో భాగింపగా కిలోలు వచ్చును. చుట్టు 26, పొడవు 24 అంగుళములైన మేకకు ఈ లెక్క 24న్నర కిలోలు చూపును. చుట్టులో ఒక్క అంగుళము తప్పినను దాదాపు రెండు కిలోలు మాఱును. కాబట్టి టేపు వ్రేలాడకూడదు, బిగియకూడదు. ఉదయమున, మేతకు పోకముందే కొలువుడు. ఈ సూత్రము అందాజు మాత్రమే. చూలుమేకల విషయమున తప్పు మఱింత వచ్చును. మొదట మీ మందలోనివే ఒక పదింటిని గోతాములో వ్రేలాడదీసి తూచి, టేపు ఎంతదూరము నిజము చెప్పుచున్నదో సరిచూచుకొనుడు.

ఆ 25 కిలోల మేకకు వైద్యుడు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఆల్బెండజోల్ వ్రాసెననుకొందము. నూటికి 2.5 పాళ్ల ద్రావకములో మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాములుండును. పోయవలసినది 10 మిల్లీలీటరులు. బేరపు కంటితో పోసినవాడు అయిదింటితో సరిపెట్టును. సీసాను బాగుగ కుదుపనివానికి అదియు దక్కదు. మందు అడుగున పేరుకొనును.

మంద పెద్దదైనచో పిల్లలు, నడిమివి, పెద్దవి అని విడదీసి, ఒక్కొక్క గుంపులో అన్నిటికంటె బరువైనదానిని పట్టి మోతాదు కట్టవలెను. సరాసరి లెక్క పనికిరాదు. సరాసరికి పైనున్న జీవములన్నిటికి అది చాలదు గదా! కాని ఈ సూత్రమునకు హద్దు కలదు. లెవమిసోల్ హెచ్చినచో విషమగును. క్లోసాంటెల్ హెచ్చినచో కన్నులు పోవును. వీనిని జీవమునకు జీవము తూచియే యీయవలెను. క్రొత్తగా చూలుకట్టిన మేకకు ఆల్బెండజోల్ పోయరాదు. మఱియొక సంగతి: గొఱ్ఱె మోతాదు మేకకు చాలదు. మేక శరీరము పెక్కు మందులను గొఱ్ఱెకంటె త్వరగా కరగించివేయును. సీసాపై గొఱ్ఱెల మోతాదు మాత్రమే యున్నచో మీకు తోచినట్లు పెంపక, మేకకెంతయో వైద్యునడుగుడు. త్రాగించునపుడు తల మిక్కిలి పైకెత్తకుడు. ఊపిరితిత్తులలోనికి పోయిన మందు ప్రాణము తీయును.

దాతలైన పెద్దలకొక మనవి. ఈ సంఘము ఏటేట శాలువలకును, పూలదండలకును వెచ్చించు ధనములో కొంత తగ్గించి, మందలున్న ప్రతి గ్రామమునకు ఒక వ్రేలాడు కాటాను, నాలుగు టేపులను ఈయవలెను. కాటా ఒకరి యింట మూలపడక, సంఘ కార్యదర్శి వద్దనుండి అడిగినవారికెల్ల అందవలెను. తూచిన బరువులను వ్రాయుట కొక పుస్తకమును దానితో నుంచుడు. వచ్చు మహాసభకు ఆ పుస్తకములు తెచ్చినచో, ఏ గ్రామపు టేపు ఎంత తప్పినదో కూర్చుండి చూచుకొందము.