వెళ్లకూడని వీధి

బెయిలు ఉత్తర్వులో షరతు ఒక్క వాక్యమే: ఫలానా వీధుల మధ్య నిందితుడు కనిపించకూడదు. కెనడాలో దీన్ని వాడుకగా ‘రెడ్ జోన్’ అంటారు. సొంత ఇల్లున్నవాడు చుట్టుతిరిగి వేరే దారిన పోతాడు. వీధే ఇల్లయినవాడికి మాత్రం అది వెలి.

వాంకూవర్‌లోని డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ నిరుపేదలు, మత్తుమందులకు అలవాటుపడినవారు, ఆదివాసులు ఎక్కువగా ఉండే పేట. చిల్లర దొంగతనం కేసులోనో, మత్తుమందు కేసులోనో పట్టుబడినవారిని తరచూ ఆ పేటకే రావద్దంటారు. కానీ ఉచితంగా అన్నం పెట్టే చోటు, రాత్రి తలదాచుకునే షెల్టరు, తెలిసిన మొహాలు, అన్నీ అక్కడే. నర్సుల కళ్లెదుట మత్తుమందు ఇంజెక్షన్ తీసుకోగల ‘ఇన్‌సైట్’ కేంద్రం 2003లో తెరుచుకున్నదీ అక్కడి ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలోనే. ఆ వీధి నిషేధంలో పడితే ప్రాణం నిలబెట్టే గుమ్మం తొక్కడమూ తప్పే.

ఆ తప్పుకు కెనడా క్రిమినల్ కోడ్ 145వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. అసలు కేసు వీగిపోయినా షరతు తప్పిన కేసు వీగదు. అన్నానికి వచ్చినవాడి మీద కొత్త కేసు పడుతుంది. మళ్లీ బెయిలు దొరికితే షరతులు ఇంకా బిగుస్తాయి. నేరం ఆపడానికి రాసిన వాక్యమే నేరాన్ని కంటోంది.

 బెయిలు విచారణలు చాలావరకు నిమిషాల్లో తేలిపోతాయి. బయటపడితే చాలనుకునే నిందితుడు దేనికైనా తలూపుతాడు. ఆ తలూపుడునే అంగీకారంగా రాసుకుంటారు. 2020లో జోరా కేసులో కెనడా సుప్రీంకోర్టు ఈ అలవాటును తప్పుపట్టింది: షరతులు అవసరమైనంతే ఉండాలి, నిందితుడు నిజంగా పాటించగలిగేవై ఉండాలి. ఆదివాసుల, బలహీనవర్గాల స్థితిగతులను ప్రత్యేకంగా చూడాలని క్రిమినల్ కోడ్‌కు 2019లో చేసిన సవరణ అప్పటికే చెప్పింది.

భారతదేశంలో బెయిలు షరతు గీత గీసింది వీధికి కాదు, జిల్లాకు. 1978 నాటి మోతీరామ్ కేసులో మధ్యప్రదేశ్‌కు చెందిన ఓ తాపీమేస్త్రీని 10,000 రూపాయలకు జామీను తెమ్మన్నారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను తోసిపుచ్చారు. దూరప్రాంతంలో పట్టుబడిన తెలుగువాడు అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో అడిగారు. మేస్త్రీ 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద విడుదలయ్యాడు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.