ఇంటర్ తరువాత ఏ ఇంజనీరింగ్? (కోటలో చేసిన ప్రసంగం)

ఇంటర్ ముగించిన బిడ్డ ఉన్న ఇంట కంప్యూటర్ మాట తప్ప మరొకటి వినిపించదు. మనకు దక్షిణాన శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు తయారవుతున్నాయి. అక్కడ పని ఏ వరుసలో సాగాలి, సరుకు ఎంత నిల్వ ఉండాలి, నాణ్యత ఎక్కడ దెబ్బతింటోంది అని లెక్కగట్టేదే పారిశ్రామిక, ఉత్పత్తి ఇంజనీరింగ్. కౌన్సెలింగులో ఆ పేరుతో సీటు దొరకకుంటే మెకానికల్ తీసుకోవచ్చు. మన మండలంలోని విద్యానగర్ కళాశాలలోనే అది ఉంది. ఎం.టెక్. కోరేవారికి గేట్‌లో ఈ శాస్త్రానికి ప్రత్యేక పేపరుంది. పాలిటెక్నిక్ చదివినవారు ఈసెట్ రాసి నేరుగా రెండవ సంవత్సరంలో చేరవచ్చు. పేద కుటుంబాలకు మేము మొదట చూపేది ఈ దారినే.

2007 నాటి బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ ముస్లింలందరికీ కాదు. సయ్యద్, పఠాన్ కుటుంబాలకు వర్తించదు, అర్హులైతే వారు ఈడబ్ల్యూఎస్ పత్రం కోరాలి. ఏ పత్రమైనా ర్యాంకు వచ్చేదాకా ఆగక ఇప్పుడే దరఖాస్తు చేయండి. గుమాస్తాలుగా పనిచేసినవాళ్లం, కాగితం ఎంత మెల్లగా కదులుతుందో మాకు తెలుసు.