మత్తుకు ముందు చెప్పవలసిన మాటలు



మన ఇళ్ళల్లో ఆపరేషను అనగానే కత్తికంటె మత్తుకే ఎక్కువ భయపడతాం. "మత్తు ఇస్తారటమ్మా, మళ్ళీ లేస్తానంటావా?" అని అడగని ఇల్లాలు ఉండదేమో! పోయిన ఏడాది నేనూ అడిగాను. పైగా నాకు రక్తానికి సంబంధించిన దీర్ఘవ్యాధి ఒకటుంది. అది ఉండగా, ఒళ్ళు తెలియని మత్తులో ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. అప్పుడు నేను చేసిన ఒక తెలివితక్కువ పని, ఆఖరి నిమిషంలో దాన్ని దిద్దుకున్న సంగతి ఈవేళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

నా జబ్బు సంగతి ముందు చెబుతాను. ఎనిమిదేళ్ళ క్రితం నా చేతులమీద నల్లగా కమిలిన మచ్చలు కనబడటం మొదలెట్టాయి. గాజు కాస్త ఒత్తుకుంటే చాలు, అక్కడ మచ్చ. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ వెంట రక్తం. కాళ్ళమీద ఆవగింజంత ఎర్రని చుక్కలు. పక్కింటావిడ నన్ను చాటుకు పిలిచి "మీ ఆయన చెయ్యి చేసుకుంటాడా?" అని కూడా అడిగింది పాపం! రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు పద్ధెనిమిది వేలు. ఆరోగ్యవంతులకు లక్షన్నర నుంచి నాలుగు లక్షలదాకా ఉంటాయి. డెంగ్యూ జ్వరం పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అంటే తెలియనివారు ఇప్పుడు లేరు. గాయమైనచోట గుమిగూడి రక్తాన్ని ఆపే కణాలవి. డెంగ్యూలో తగ్గినవి కొద్దిరోజుల్లో మళ్ళీ పెరుగుతాయి. నా జబ్బు అట్లా కాదు. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరబడి, సొంత ప్లేట్‌లెట్లను పరాయివనుకుంటుంది. ప్లీహంలో అవి నాశనమవుతూ ఉంటాయి. ఏడాది దాటి ఉండిపోతే దీర్ఘవ్యాధి అంటారు. దీన్ని డాక్టర్లు పొట్టిగా ఐ.టి.పి. అంటారు.

ఈ సంగతి ఎట్లా తెలిసిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1950లో అమెరికాలో హారింగ్టన్ అనే యువ డాక్టరు ఇటువంటి రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. కొద్ది గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఫిట్సు కూడా వచ్చింది. తర్వాత కోలుకున్నాడనుకోండి. రోగి రక్తంలోనే వాటిని చంపే పదార్థమేదో ఉందని ఆ సాహసంవల్ల రుజువైంది.

నాకు మొదట స్టిరాయిడ్ బిళ్ళలు ఇచ్చారు. మొహం పూరీలా పొంగింది. ప్లేట్‌లెట్లు కొంత పెరిగాయి. తర్వాత ముప్ఫై, నలభై వేల మధ్య నిలబడ్డాయి. రక్తస్రావం లేకుండా ఆమాత్రం ఉంటే చాలామందికి మందు అవసరం లేదన్నారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పారు. "అమ్మా, తలనొప్పి వచ్చినా, ఒళ్ళు నొప్పులొచ్చినా ఆస్పిరిన్ జోలికి పోవద్దు. నొప్పి బిళ్ళలు మీ ఇష్టంవచ్చినట్టు మింగవద్దు." సరేనన్నాను. వంట, వార్పు, పిల్లల చదువులు, ఎప్పుడైనా రేడియోలో ఇట్లా నాలుగు మాటలు. ఏళ్ళు గడిచిపోయాయి.

పోయిన ఏడాది ఒక అర్ధరాత్రి కుడివైపు డొక్కలో మొదలైన నొప్పి వీపుదాకా పాకి ప్రాణం తోడేసింది. పిత్తాశయంలో రాళ్ళన్నారు. తీసేయాలన్నారు. అప్పుడు నా ప్లేట్‌లెట్లు ముప్ఫై ఎనిమిది వేలు. ఇటువంటి ఆపరేషనుకు కనీసం యాభై వేలుండాలట. "ఎవరిదైనా రక్తంలోంచి తీసి ఎక్కిస్తే సరిపోదా?" అన్నారు మావారు. సరిపోదట. ఎక్కించిన ప్లేట్‌లెట్లకూ నా ఒంట్లో అదే గతి. అందుకని వాటిని అత్యవసరానికి సిద్ధంగా ఉంచుకుంటారేగాని, వాటినే నమ్ముకోరు. ముందుగా మందులతో సొంత ప్లేట్‌లెట్లను పెంచుతారు. రక్తవ్యాధుల డాక్టరు మళ్ళీ స్టిరాయిడ్ బిళ్ళలు రాశారు. రెండు వారాలకు అరవై రెండు వేలకు చేరాయి. ఆపరేషనుకు గురువారం నిర్ణయమైంది.

అదే సమయంలో మా పెద్దమ్మాయికి సంబంధం ఒకటి కుదిరేట్టుంది. మా ఆడపడుచు వచ్చి "వదినా, రాళ్ళ ఆపరేషనని చెప్పు చాలు. రక్తం జబ్బని మాత్రం పైకి పొక్కనీయకు. ఆడపిల్ల తల్లివి" అంది. ఆవిడ మాటలో ఆప్యాయతే ఉంది. నేనూ తలూపాను. మా అత్తగారి దిగులు ఇంకొకటి. "మత్తులో మనసులో ఉన్న మాటలన్నీ బయటపెట్టేస్తారటే! నోరు జాగ్రత్త" అన్నారు. మత్తులో నోరు ఎట్లా జాగ్రత్తపెట్టుకోవాలో మాత్రం ఆవిడ చెప్పలేదు!

సోమవారంనాడు మత్తు డాక్టరు దగ్గరకు పంపారు. మా అమ్మాయికంటె నాలుగేళ్ళు పెద్దదేమో. ఎంత ఓపికో! పళ్ళు కదులుతున్నాయా, గురక పెడతారా, ఇదివరకు మత్తు పడలేదా, ఆయాసం ఉందా, ఏయే మందులు వాడారు అని అన్నీ అడిగి రాసుకుంది. "నాకు నడుముకు సూదివేసి, కిందిభాగం తిమ్మిరెక్కించి చేయకూడదా తల్లీ?" అన్నాను. "ప్లేట్‌లెట్లు తక్కువున్నవారికి వెన్నులో సూదివేస్తే అక్కడ రక్తం గూడుకట్టి నరాలను నొక్కే ప్రమాదం ఉందమ్మా. పైగా పొట్టలోకి గాలి నింపి చేసే ఆపరేషను. మీకు పూర్తి మత్తే క్షేమం" అంది. ఊపిరికోసం గొట్టం ముక్కులోంచి కాకుండా నోట్లోంచి మెల్లగా వేస్తామని, కండకు ఇంజెక్షన్లు వేయమని కూడా చెప్పింది. స్టిరాయిడ్ బిళ్ళలు మాత్రం సొంతంగా ఆపవద్దంది. వాటిని కొన్నాళ్ళు వాడితే ఒళ్ళు తన సహజమైన హార్మోను తయారుచేసుకోవడం తగ్గిస్తుందట. ఆపరేషను ఒత్తిడికి అది చాలదు కనుక, ఆవేళ నరంలోంచి అదనంగా ఇస్తారట.

మా అత్తగారి సందేహం కూడా అడిగేశాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "గొంతులో గొట్టం ఉండగా ఎట్లా మాట్లాడతారమ్మా? మత్తులో మీరేమీ చెప్పలేరు. చెప్పవలసినవేవైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి. ఈ పది రోజుల్లో నొప్పి బిళ్ళలేమైనా వేసుకున్నారా?"

"లేదు" అన్నాను.

అబద్ధం. అంతకు రెండురోజుల ముందు తలపగిలిపోతూంటే, కిందింటావిడ ఇచ్చిన బిళ్ళ నీళ్ళలో కరిగించి తాగాను. అది ఆస్పిరినని తాగేటప్పుడే తెలుసు. ఎందుకు చెప్పలేదంటారా? చెబితే చీవాట్లు పెడతారని ఒక బెరుకు. ఆపరేషను వాయిదా పడుతుందని మరొక భయం. మావారు సెలవు పెట్టారు, మా చెల్లెలు వంటకని ఊరినుంచి వచ్చింది, ఆపై వారం పెళ్ళిచూపులు. ఒక్క బిళ్ళకోసం ఇంతమందిని ఇబ్బంది పెట్టడమా అనుకున్నాను. మన ఆడవాళ్ళం ఎప్పుడూ చేసే లెక్కే కదా అది!

వసారాలోకి వచ్చాను. "అన్నీ చెప్పావా?" అన్నారు మావారు. "ఆఁ" అన్నాను. నాలుగడుగులు వేశానో లేదో, "మత్తులో మీరేమీ చెప్పలేరు" అన్న ఆ పిల్ల మాట చెవిలో పడ్డట్టయింది. నిజమే. రేపు బల్లమీద రక్తం ఆగకపోతే, ఎందుకాగటంలేదో చెప్పడానికి నాకు నోరుండదు. ఆ కారణం తెలిసినదాన్ని నేనొక్కత్తినే. వెనక్కి వెళ్ళాను.

ఆ పిల్ల కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. "ఆస్పిరిన్ ఒకసారి పట్టుకున్న ప్లేట్‌లెట్ అది బతికినన్నాళ్ళూ సరిగ్గా పనిచేయదమ్మా. ప్లేట్‌లెట్ ఆయుర్దాయం వారం పది రోజులు. మీకున్నవే కొద్ది. ఆ ఉన్నవాటికి కాళ్ళూ చేతులూ కట్టేస్తే ఎట్లా?" అంది. ఆపరేషను పదిరోజులు వెనక్కి జరిపారు. ఇంట్లో కాస్త గొణుగుడు వినబడింది. వినబడనీయండి!

ఆ పదిరోజుల్లో ఒక సంగతి చదివాను. 1880లలో హైదరాబాదు వైద్యపాఠశాలలో చదువుకుని, అక్కడి ఆస్పత్రుల్లో రోగులకు క్లోరోఫారం ఇచ్చిన స్త్రీ ఒకావిడ ఉంది. పేరు డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆవిడ ఒకరు. క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో పరిశోధన సంఘాలు కూర్చున్నదీ ఆ హైదరాబాదులోనే. మత్తును క్షేమంగా ఇవ్వడానికి ఇన్ని తరాలవాళ్ళు ఇంత శ్రమపడ్డారు. రోగి తన వంతుగా చేయవలసింది నిజం చెప్పడం. నేను ఆమాత్రం కూడా చేయకపోతిని కదా అని సిగ్గేసింది.

ఆపరేషనునాడు అర్ధరాత్రినుంచి ఏమీ తినవద్దన్నారు. మంచినీళ్ళు మాత్రం రెండుగంటల ముందువరకు తాగవచ్చన్నారు. "ఒక్క గుక్క కాఫీ?" అన్నాను. పాలు కలిసిన కాఫీ భోజనంతో సమానమట! మత్తులో కడుపులోది పైకివచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణంమీదికి వస్తుంది. గాజులు తీశాను. గోళ్ళరంగు తుడిచేశాను, వేలికి తగిలించే ఆక్సిజన్ యంత్రానికి అది అడ్డట. మంగళసూత్రాలు మావారి చేతిలో పెట్టేటప్పుడు మాత్రం కళ్ళు చెమర్చాయి. అవి ఆయన చొక్కా జేబులో, ఆయన బయట బల్లమీద. మొహంమీద ఆక్సిజన్ తొడుగు పెట్టి ఆ పిల్ల "నేను మీ పక్కనే ఉంటానమ్మా" అంది. తరువాత తెలిసిన మాట "అయిపోయిందమ్మా, కళ్ళు తెరవండి" అని. గొంతు రెండురోజులు మంట. రక్తపోటు పట్టీ కట్టినచోట ఎర్రచుక్కలు. అంతే. రక్తం ఎక్కువ పోలేదు.

సంబంధం సంగతి అడుగుతారని తెలుసు. ఇంటికి వచ్చాక, పెళ్ళివారికి ఉన్నమాట మేమే చెప్పాం. ఈ జబ్బు సాధారణంగా తల్లినుంచి పిల్లలకు వచ్చేది కాదని డాక్టరు చెప్పిందీ చెప్పాం. రెండువారాలకు జాతకాలు కలవలేదని కబురొచ్చింది. బాధ కలగలేదంటే అబద్ధమవుతుంది, ఇక అబద్ధాలు వద్దనుకున్నాను. మా అమ్మాయి మాత్రం "పోనీలే అమ్మా, రేపు నాకు జ్వరమొచ్చినా ఆ ఇంట్లో దాచుకోవాల్సి వచ్చేది" అంది.

అక్కలారా, చెల్లెళ్ళారా! మీలో ఎవరికైనా ఇటువంటి జబ్బుంటే, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, ఒక చిన్న పుస్తకంలో జబ్బు పేరు, వేసుకునే ప్రతి బిళ్ళ పేరు, మోతాదు రాసి బీరువాలో కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి. పసరు మందైనా, పక్కింటివారిచ్చిన బిళ్ళైనా సరే, రాయండి. వాడే మందేదీ సొంతంగా ఆపకండి. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరును తప్పక కలిసి, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పండి. ఇంట్లోవాళ్ళకు ఇబ్బందని గాని, చీవాట్లు తినాలని గాని ఆగవద్దు. ఒకవేళ నాలాగా మొదట దాచినా, నాలుగడుగులు వేశాకైనా వెనక్కి వెళ్ళండి.