కణమునకు కణము చెప్పు వార్త



నల్లరేగడి చేలలో కంది పండు ఈ రాయికోడు ప్రాంతమున జీవశాస్త్రమును గూర్చి తెలుగులో ప్రసంగించు భాగ్యము నాకు కలిగించితిరి, కృతజ్ఞుడను. అధ్యక్షుడు సమస్తశాస్త్రమును సింహావలోకనము చేయు ఆచారమును నేడు విడిచి, ఇరుగుపొరుగు కణములు కాల్షియము మూలమున ఎట్లు సంభాషించుకొనునో, ఆ సంభాషణమున మన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తించిన పదార్థమునకు ఎట్టి స్థానము దక్కెనో, ఆ యొక్క విషయమునే విన్నవింపదలచితిని.

కాల్షియమనగానే ఎముకలును సున్నమును మనకు స్ఫురించును. 1883లో లండనునందు సిడ్నీ రింగర్, స్వేదనజలముతో కలిపిన లవణద్రవమున కప్పగుండె త్వరలో నిలిచిపోవుటయు, కొళాయినీటితో కలిపినదానియందు కొట్టుకొనుచుండుటయు చూచి, ఆ భేదమునకు కొళాయినీటిలోని కాల్షియమే ముఖ్యకారణమని తేల్చెను.

కణమునకు దానితోగల సంబంధము విచిత్రమైనది. వెలుపలి ద్రవమునందు కాల్షియపు సాంద్రత లోపలికంటె సుమారు 10,000 రెట్లు అధికము. కణపు పొరలోని పంపులు అహోరాత్రములు శక్తిని వ్యయించి దానిని బయటికి నెట్టుచునే యుండును. ఏలయన, ఫాస్ఫేటులపై బ్రతుకు నడపు కణములో కాల్షియము పేరుకొన్నచో, రెండును కలిసి గట్టిపడిపోవును. ఇంత శ్రమపడి వెలివేసినది కనుకనే, అది రవంత లోనికి వచ్చినను కణమున కది పెద్ద వార్త యగుచున్నది.

ఆ వార్త పొరుగుకణమునకు చేరు మార్గములలో రెండు ప్రధానములు. మొదటిది, రెండిండ్ల ఉమ్మడిగోడలో విడిచిన చిన్నకిటికీవంటిది. కనెక్సినులను ప్రోటీనులు ఆరేసి గుమికూడి అర్ధనాళములై, ఎదుటికణపు అర్ధనాళములతో సంధించుకొనును. గాజుమొనతో ఒక కణమును సుతారముగా తాకినచో, అందు ఐపీ3 అను అణువు పుట్టి, లోపల నిలువయున్న కాల్షియమును విడిపించి, ఆ నాళములగుండ పొరుగునకు జారి అచటను అట్లే చేయించును.

రెండవ మార్గమే నన్ను మిక్కిలి ఆకర్షించినది. మెదడులోని ఆస్ట్రోసైటులను పలకపై పెంచి, నడుమ సన్నని చారగా గీకివేసి, కణములు లేని ఎడమును కల్పించినను, ఈవలనుండి బయలుదేరిన కాల్షియతరంగము దానిని దాటి ఆవలి కణములయందు లేచినట్లు 1996లో ప్రకటింపబడినది. కణమే లేనిచోట నాళమెక్కడిది? ద్రవములోనికి కణము ఏదియో విడుచుచున్నదని తేటపడెను. అది ముఖ్యముగా, కణపు శక్తికి ఆధారమైన ఏటీపీ యని తరువాతి ప్రయోగములు చూపినవి.

ఆ ఏటీపీని 1929లో, హార్వర్డునందు సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవారు, 1895లో భీమవరమున జన్మించిన సుబ్బారావుగారు; అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా గుర్తించెను. అంతకుముందే, 1925లో, ద్రవమునందు పుట్టు నీలవర్ణపు గాఢతనుబట్టి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కే సుబ్బారావులు ప్రకటించియుండిరి. ఏటీపీ శక్తికి ఆధారమే కాక సందేశము కూడ నని జాఫ్రీ బర్న్‌స్టాక్ 1972లో ప్రతిపాదించినపుడు పెక్కురు విశ్వసింపలేదు. కాని యోచింపుడు: కాల్షియము వెలుపల సమృద్ధము, లోపల అత్యల్పము, ఏటీపీ లోపల సమృద్ధము, వెలుపల అత్యల్పము. ఒకదాని ప్రవేశమెట్లు వార్తయో, రెండవదాని నిర్గమనమట్లే వార్త. గాయపడిన కణమునుండి వెలికి ఒలికిన ఏటీపీ, పొరుగుకణపు గ్రాహకములను తాకి అందు కాల్షియమును లేపును. పాఠ్యపుస్తకములు ఏటీపీని శక్తిప్రకరణమున చెప్పి ఊరకుండుట నాకు గొప్ప లోపముగా తోచుచున్నది.

వృక్షములకు నాడులు లేకున్నను ఈ భాష కలదు. ఆవాల కుటుంబపు చిన్నమొక్కపై చేసిన ప్రయోగములలో, గొంగళిపురుగు ఆకును కొరుకగనే గాయమునుండి గ్లుటమేటు చిమ్మి, కాల్షియతరంగము ఈనెలవెంట పరుగిడి, ఒకటి రెండు నిమిషములలో దూరపుటాకులను చేరి రక్షణకు సిద్ధపరచుట 2018లో వెల్లడియైనది. మన కందికాయను శనగపచ్చ పురుగు తొలిచినపుడు ఆ వార్త ఏ ఈనెవెంట, ఎంతసేపటికి, ఏ ఆకును చేరును? చేను ఇచటనే కలదు. కందిని పరిశోధించు ఇక్రిశాట్ సంస్థ 1972నుండి ఈ సంగారెడ్డిసీమలోనే, పటాన్‌చెరువున కలదు. ఈ ప్రశ్నను చేపట్టు విద్యార్థి యొకడైన ఈ సభనుండి బయలుదేరవలెనని కోరుచున్నాను.