ఛాయాచిత్రకళాభ్యాసము



నేడు నేను ప్రసంగింపబోవు విషయము ఛాయాచిత్రకళ. వ్యాకరణమును కావ్యములును చెప్పి విశ్రాంతి గొన్న పంతులునకు కెమెరాతో నేమి పని యని మీలో కొందఱు నవ్వవచ్చును. పని కలిగినది; చెప్పెదను.

మా నల్లపాడులో చిన్ననాడు నాయొద్ద అమరకోశము వల్లించిన యువకుడొకడు కలడు. అతడు కళాశాల చదువు ముగించి, ఛాయాచిత్రకళ నభ్యసించి దానితోనే జీవింతునని పట్టుబట్టెను. అతని తాతగారు ప్రత్తియు మిరపయు పండించి సంసారము నీదినవారు. వారొకనాడు నా యింటికి వచ్చి, "పంతులుగారూ! చేతిలో ఫోనుంటే చాలు, నొక్కితే బొమ్మ పడుతుంది. దీనికి మళ్లీ చదువేమిటండీ? మీ మాటంటే వాడికి గురి. మీరే బుద్ధి చెప్పాలి" అనిరి.

ఇట్టి ప్రశ్న నేడు అనేక గృహములలో వినబడుచున్నది. కావున దానికి తోచిన సమాధానమును మీ యందఱి యెదుట చెప్పుట మంచిదని తలచితిని.

విత్తనము చల్లుట యెవనికైనను చేతనగును. పదునెఱిగి చల్లుటయే సేద్యము. మీట నొక్కుటయు నట్టిదే. ఏది చూపవలయునో, ఏది విడువవలయునో యెఱిగి నొక్కుట విద్య. దీనినే కూర్పు అందుము. కవికి పదముల కూర్పు ఎట్టిదో ఛాయాగ్రాహకునకు రూపముల కూర్పు అట్టిది. కాని యొక భేదము కలదు. కవి తెల్లకాగితముతో మొదలిడి ఒక్కొక్క పదమును చేర్చును. ఛాయాగ్రాహకుని యెదుట లోకము ముందే నిండియుండును. అతడు అక్కఱలేనివానిని తొలగించుకొనుచు పోవలయును. కలుపు తీయుట మీకు తెలియని పని కాదు.

కూర్పునకు కొన్ని సూత్రములు కలవు. చిత్రమును అడ్డముగా రెండు గీతలతోను, నిలువుగా రెండు గీతలతోను సమముగా విభజించినచో తొమ్మిది గళ్లేర్పడును. ముఖ్యవస్తువును నట్టనడుమ గాక, ఆ గీతలు కలియు తావున నిలుపుట యొక పద్ధతి. నేలను ఆకాశమును చెఱిసగము చేయక, ఒకదానికి మూడింట రెండు పాళ్లును రెండవదానికి ఒక పాలును ఇత్తురు. కెమెరా పుట్టకముందే, 1797వ సంవత్సరమున, జాన్ థామస్ స్మిత్ అను ఆంగ్లేయుడు చిత్రకారులకై యీ మూడవపాలు నియమమును గ్రంథమున వ్రాసెను.

మఱియొక సూత్రము గీతలను గూర్చినది. మా నల్లపాడు రైలుకూడలిలో నిలిచి చూడుడు. పట్టాలు రెండును దూరమున కలిసినట్లు తోచును. మన చూపు వానివెంట పోవును. ప్రత్తిచేని చాళ్లును అట్టివే. ఇట్టి గీతలు ముఖ్యవస్తువు కడకు చూపును కొనిపోవునట్లు నిలుచు తావును ఎన్నుకొనవలయును. ఇక వెలుతురు. నడిమధ్యాహ్నపు టెండలో కన్నులక్రింద నల్లని నీడలు పడును. ఉదయసాయంకాలముల యేటవాలు వెలుతురులో ముఖముపై ముడుతయు, గోడపై గరుకును స్పష్టముగా తెలియును.

మన పూర్వులు చిత్రకళకు ఆఱంగములు చెప్పిరి. కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు వీనిని పేర్కొనెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఇందు సాదృశ్యము, అనగా పోలిక, ఆఱింట నొకటి మాత్రమే. యంత్రము మనకు పోలికను తేలికగా నిచ్చును. భావమును, లావణ్యమును యంత్ర మీయజాలదు. అవి చూచువాని కంటినుండి రావలయును. తాతగారు అడిగిన ప్రశ్నకు ఇది సగము సమాధానము.

మిగిలిన సగము మహానుభావుల చరిత్రలలో నున్నది. కావ్యము వ్రాయగోరువాడు పూర్వకవులను చదువవలయును గదా! కావున ఆ యువకునకు ముగ్గురి చిత్రములను శ్రద్ధగా చూడుమని చెప్పితిని.

మొదటివాడు రాజా దీనదయాళుడు. 1844లో మీరటు చెంత సర్ధనాలో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖయందు కట్టడముల నక్షాలు గీయు కొలువున చేరెను. 1874 ప్రాంతమున కెమెరా చేపట్టెను. పిమ్మట కొలువు విడిచి మన తెలుగునేలకు, సికిందరాబాదునకు, వచ్చి చిత్రశాల నెలకొల్పెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను అతనిని ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి ముసవ్విర్ జంగు బిరుద మొసంగెను. 1905లో దీనదయాళుడు పరమపదించెను. అతడు తీసిన కోటలను, దేవాలయములను చూడుడు. స్తంభము ఒరగదు, మెట్టు తప్పదు. ఏలయన, కట్టడమెట్లు నిలుచునో అతడు గీసి గీసి యెఱిగినవాడు. 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా చిత్రశాల తెఱచి, దానిని ఒక ఆంగ్లేయవనిత చేతిలో నుంచెను. ఎదుటివారి మర్యాద నెఱుగుటయు విద్యలో భాగమే యని దీనివలన గ్రహింపవలయును.

రెండవ వ్యక్తి అమెరికా దేశపు మార్గరెట్ బర్క్‌వైట్. ఈమె 1946లో లైఫ్ పత్రికకై గాంధీమహాత్ముని చిత్రము తీయ వచ్చినది. రాట్నముతో కూడ చిత్రము కావలయునన్నచో ముందు నూలు వడకుట నేర్చుకొమ్మని ఆశ్రమమువారు ఆమెకు షరతు పెట్టిరి. ఆమె కూర్చుండి నేర్చినది. ఆ చిత్రమున రాట్నము ముందు పెద్దదిగా కనబడును. మహాత్ముడు వెనుక నేలపై కూర్చుండి కాగితము చదువుచుండును, వడకుట లేదు. అయినను ఆ మనుష్యునకును ఆ రాట్నమునకును గల బంధము క్షణములో తెలియును. తరతరములుగా ప్రత్తి పండించిన మనకు దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవవాడు ఫ్రాన్సు దేశీయుడగు హెన్రీ కార్టియర్ బ్రెస్సన్. 1908లో పుట్టి 2004లో మరణించెను. ముందు చిత్రలేఖనము నేర్చి, పిదప చిన్న కెమెరా చేతబట్టెను. తీసిన చిత్రమును తరువాత అంచులు కత్తిరించి సవరించుట అతనికి సమ్మతము కాదు. కూర్పంతయు ఆ క్షణముననే జరుగవలయునని అతని నియమము. 1948 జనవరి 30వ తేదీ రాత్రి బిర్లాభవనపు ద్వారముకడ నెహ్రూగారు మహాత్ముని మరణవార్తను ప్రజలకు చెప్పుచుండగా ఇతడు తీసిన చిత్రము లోకప్రసిద్ధము. చాలని వెలుతురులో తీసినది; అంత స్పష్టముగా నుండదు. దుఃఖము మాత్రము స్పష్టముగా నున్నది.

ఈ ముగ్గురిలో సమానగుణ మేది? కెమెరా యెత్తుటకు ముందు కంటికి శిక్షణ మిచ్చిరి. ఎదుటివస్తువును ఎఱిగిరి, పిదప మీట నొక్కిరి.

మన యువకుని సంగతి వినుడు. అతడు ఫాల్గుణమాసమున మిరపకళ్లమునకు పోయి మధ్యాహ్నవేళ నిలుచుండి నలువది చిత్రములు తీసి నాకు చూపెను. అన్నిటను ఎఱ్ఱని నేల. అక్కడక్కడ చుక్కలవలె కూలిస్త్రీలు. "బాబూ! వీరేమి చేయుచున్నారు?" అని అడిగితిని. "కాయలు ఏరుతున్నారండీ" అనెను. "ఏ కాయలు ఏరి ఎటు వేయుచున్నారు?" అనగా చెప్పలేకపోయెను. తెల్లబడిన తాలుకాయను వేఱుచేయుటచేతనే సరకునకు ధర నిలుచునని రైతుబిడ్డయై యుండియు అతడు ఎఱుగడు. వారమురోజులు కెమెరా ముట్టక, వారితో కూర్చుండి తాలుకాయ లేరుమని చెప్పితిని. ఘాటునకు తుమ్ముచు, చేతులు మండుచుండగా అట్లే చేసెను. తరువాత వారి యనుమతి గొని, తెల్లవాఱిన తోడనే నేలపై కూర్చుండి చిత్రములు తీసెను.

వానిలో నొకదానిలో ఒక ముసలమ్మ చేయి మాత్రమే దగ్గఱగా కనబడును. వ్రేళ్లనడుమ ఒక తాలుకాయ. వెనుక ఎఱుపు మసకగా నున్నది. తాతగారు దానిని కన్నులకు దగ్గఱగా పట్టుకొని చాలసేపు మాటాడలేదు. పిదప, "మా అమ్మ చేయి ఇట్లాగే ఉండేది. ఆమె బొమ్మ మాకు ఒక్కటీ లేదు" అనిరి.

ఆ సాయంకాలము వారు తమ యినుపపెట్టె తెఱచి, పెండ్లినాటి పాతచిత్రమొకటి తీసిరి. అందు పదునెనమండుగురు కలరు. తాతగారు పదునాఱుగురి పేర్లు చెప్పగలిగిరి. తక్కిన యిద్దఱు స్త్రీలెవరో చెప్పగలవారు ఇప్పుడు ఇంటిలో లేరు. మనుమడు ఆ పదునాఱు పేర్లను సంబంధములతోకూడ వ్రాసికొనెను. వాని చదువును గూర్చి, "ఒక యేడు చూద్దాం లెండి" అని తాతగారు సెలవిచ్చిరి. అంతకుమించి వారు మాట యీయలేదు, నేనును అడుగలేదు.

శ్రోతలారా! మీ యింటను ఇట్టి విద్యార్థి యుండిన, చేనికి కళ్లమునకు మీతో కొనిపొండు, పని నేర్పుడు. వాని కంటికి మీరే మొదటి గురువులు. పెట్టెలోని పాతచిత్రములను తీసి, ఎవరెవరో చెప్పి, వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లును ఊరును సంవత్సరమును వ్రాయింపుడు. చిత్రమును నేరుగా ఎండ తగులు గోడకు వ్రేలాడదీయకుడు, రంగు వెలియును. వెలుతురు నెఱిగి, తావు నెఱిగి చిత్రము తీయుట పిల్లలు నేర్తురు. అందలి మనుష్యులెవరో చెప్పుట మాత్రము మీరున్నప్పుడే జరుగవలసిన పని.

సెలవు.